విదేశపు విటమిన్ సీసాలు - వాటిలోని సరకు



మన సంఘీయులలో విదేశపు విటమిన్ సీసా లేని ఇల్లు నేడు అరుదు. అబ్బాయి అమెరికానుండి సెలవులకు వచ్చునప్పుడు పెట్టెలో చాక్లెట్లతోపాటు రెండు సీసాలు తెచ్చును. లండనులోని అల్లుడు మరి రెండు పంపును. అవి బీరువాపైన వరుసగా నిలిచియుండును. కొందరు దినమొక మాత్ర మ్రింగుదురు. కొందరు గడువు తీరువరకు దాచి పారవేయుదురు. ఆ సీసా వెనుక చీటీపై చీమతలకాయలంత అక్షరములతో ఏమి అచ్చువేసినారో చదివినవారు మాత్రము బహు కొద్దిమంది.

నేను వైద్యుడను కాను. హైస్కూలు చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. అయినను ముప్పది యేండ్లుగా సరకు కొని అమ్మినవానికి ఒక అలవాటు పడును. పొట్లముపై పేరు చూచి నమ్మక, పొట్లము విప్పి సరకు చూచుట. ఆ అలవాటుతోనే ఈ సీసాలను చదివితిని. చదువవలసిన అగత్యము మా అక్కగారివలన కలిగినది గనుక ముందు ఆ సంగతి చెప్పెదను.

మా అక్కగారికి అరువదినాలుగేండ్లు. చైత్రమునందును ఆశ్వయుజమునందును ఆయంబిల్ ఓళి విడువక చేయును. చౌవిహారము తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట, నేటి పాడి పశువుల అవస్థ విని మనసొప్పక, పాలు పెరుగు కూడ మానివేసినది. తరువాత కొంతకాలమునకు ఆమెకు మెట్లెక్కిన ఆయాసము, ముఖము పాలిపోవుట కనబడినవి. రక్తము తక్కువైనదని తలచి నేనే ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు తెచ్చియిచ్చితిని. వైద్యుని అడుగలేదు. రక్తమునకు మంచిదని సీసాపై ఉన్నది, అది చాలుననుకొంటిని. మూడు నెలలకు ముఖమున కళ వచ్చినది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ పెరిగినది. ఇంటిల్లిపాది నన్ను మెచ్చుకొన్నారు.

అరికాళ్ళలో చీమలు ప్రాకినట్లున్నదని ఆమె అప్పుడప్పుడు చెప్పుచునేయుండెను. వయసు అనుకొంటిమి. ఆ యేడు పర్యూషణములలో ఒక తెల్లవారుజామున జినాలయపు మెట్లపై, చీకటిలో, కాలు ఎక్కడ పడుచున్నదో తెలియక పడిపోయినది. ఎముక విరుగలేదు, అదే పదివేలు. మారికుప్పము రైలులో బెంగళూరు తీసికొనిపోయి చూపితిమి. రక్తములో బి12 విటమిన్ 98 అని తేలినది. కనీసము 200 ఉండవలెనట. వైద్యుడు పాత చీటీలు అన్నియు తిరుగవేసి, "బి12 చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఎవరిచ్చారండీ?" అని అడిగినారు. నాకు నోరు పెగలలేదు.

ఆయన అప్పుడు విప్పి చెప్పిన సంగతి ప్రతి శాకాహారి తెలిసికొనదగినది. రక్తకణములు సరిగా తయారగుటకు ఫోలిక్ ఆమ్లము, బి12 రెండును కావలెను. బి12 లోపించినప్పుడు రక్తము పలుచబడును. ఆ స్థితిలో ఫోలిక్ ఆమ్లము ఎక్కువగా ఇచ్చినచో రక్తమువరకు ఒక అతుకు వేసినట్లు సర్దుకొనును. పరీక్షలో అంకెలు బాగుండును. కాని నరములపై ఉండు పొరకు బి12 యే కావలెను, దానికి బదులు లేదు. పైకి రోగము తగ్గినట్లు కనబడుచుండగా లోపల నరములు చెడుచుండును. నేను చేసినది సరిగా అదే. గోడ బీటకు సున్నము పూసి, పునాది చూడలేదు.

ఈ ఫోలిక్ ఆమ్లము కథలో తెలుగువారికి సంబంధమున్నది. 1928 నుండి బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒకవిధమైన రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారముతో అది నయమగునని కనిపెట్టినది. ఆ సారములోని గుణపదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పనిచేసినారు. స్ప్రూ అను వ్యాధికి సోదరుని పోగొట్టుకొన్న దుఃఖము ఆయన మనస్సులో ఉండెనని చెప్పుదురు. 1948లో ఆయన న్యూయార్కులో కాలము చేసినారు. ఆ సంవత్సరమే అమెరికాలోను ఇంగ్లండులోను వేర్వేరుగా బి12 ను ఎఱ్ఱని స్ఫటికములుగా విడదీసిరి. తరువాత 1978లో అదే లెడర్లీ కంపెనీ సెంట్రమ్ అను బహువిటమిన్ మాత్రను బజారులో పెట్టినది. నేడు మన బీరువాలపై కనబడు సీసాలలో చాలవరకు ఆ మాత్ర త్రొక్కిన త్రోవనే త్రొక్కినవి.

1948కి ముందు ఈ బి12 లోపమునకు మందేమనగా పశువుల కార్జము. దానిని కనిపెట్టినందుకే 1934లో ముగ్గురు అమెరికా వైద్యులకు నోబెల్ బహుమానము ఇచ్చిరి. ఆ కాలమున మనవారికి ఈ వ్యాధి వచ్చియుండినచో ఏమి చేసియుందురో తలచుకొనిన భయమగును. నేడు బి12 ను పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పులియబెట్టి తీయుదురు. మాంసమునుండి తీయరు. పశువుల శరీరములోనైనను దానిని చేయునది ఈ సూక్ష్మజీవులే. ఏ చెట్టును, ఏ జంతువును దానిని స్వయముగా చేసికొనలేదు.

ఇక్కడ మా అక్కగారు అడిగిన ప్రశ్నయే మన చదువరులును అడుగుదురు. "సూక్ష్మజీవులు మాత్రం జీవాలు కావా తమ్ముడూ?" నాకు చెప్ప శక్తి చాలలేదు. విహారమార్గమున మా ఊర దిగిన ఒక మహారాజ్‌సాహెబ్ గారిని అడిగితిని. వారు కొంతసేపు ఊరకుండి, గృహస్థుడు ఏకేంద్రియ జీవహింసను పూర్తిగా విడువజాలడు, త్రసజీవహింసను విడువవలెను, వ్యాధిలో సమాధి చెడకుండుటకై పచ్చక్ఖాణములోనే ఔషధమునకు మినహాయింపు చెప్పబడియున్నది అనిరి. పెరుగు తిన్నవారే ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుచున్నారని నవ్విరి కూడ. ఇది వారి మాట. ఇతర గురువులు వేరుగా చెప్పవచ్చును. ఎవరి గురువును వారు అడుగవలసినదే.

ఔషధము సరే, మాత్ర మ్రింగుటకు అడ్డుపడినది దాని పెంకు. వైద్యుడు వ్రాసిన గొట్టపుమాత్ర పెంకు దేనితో చేసినదని అక్కగారు అడిగిరి. మందుల దుకాణమువారికి తెలియదు. ఇంటికి వచ్చి చూడగా మేనల్లుడు అమెరికానుండి తెచ్చిన సీసా ఒకటి, ఇంగ్లండు సీసా ఒకటి, పిల్లలకని ఎవరో ఇచ్చిన జిగురుమిఠాయివంటి విటమిన్ డబ్బా ఒకటి ఉన్నవి. ఆ మూడింటిని అంగడి బల్లపై పెట్టి, భూతద్దము పట్టుకొని, రెండు రాత్రులు కూర్చుంటిని.

మొదటి చిక్కు తూకములది. ఈ సీసాలలో మూడు విధముల కొలతలు: మిల్లీగ్రాము, అందులో వెయ్యవవంతు అగు మైక్రోగ్రాము, పాత పద్ధతి ప్రకారము అంతర్జాతీయ యూనిట్టు. మైక్రోగ్రామనగా మనకు ఊహకందదు. మా బంగారు గనుల ఊరివారికి ఒక విధముగా చెప్పవచ్చును. టన్ను రాతిలో ఒక గ్రాము బంగారమున్నచో, అది ఒక గ్రాము రాతిలో ఒక మైక్రోగ్రాము బంగారమున్నట్లు. మనిషికి దినమునకు కావలసిన బి12 కేవలము 2.2 మైక్రోగ్రాములు. అనగా ఒక్క గ్రాము బి12 ఒక మనిషికి పన్నెండువందల యేండ్లు చాలును. ఇంత స్వల్పమైన వస్తువు లేక మనిషి మెట్లపై పడిపోవును!

రెండవ చిక్కు నూటికింత అను లెక్క. ప్రతి విటమిన్ ఎదుట ఇన్ని పాళ్ళు అని వేసియుందురు. అది చూచి, నూరు దాటినది మంచి సీసా, ఏబది ఉన్నది నాసిరకము అని మనవారు తీర్పు చెప్పుదురు. డి విటమిన్ తీసికొనుడు. పది మైక్రోగ్రాములు, అనగా 400 యూనిట్లు, ఉన్న మాత్రకు ఇప్పటి అమెరికా చీటీపై నూటికి 50 అని ఉండును. అదే మాత్ర ఇంగ్లండు చీటీపై 200 అగును. అమెరికాలోనే పాత చీటీపై 100 అని ఉండెడిది. సరకు మారలేదు, పడికట్టు మారినది. అమెరికావారు డి విటమిన్ దినపు లెక్కను 20 మైక్రోగ్రాములుగా పెట్టుకొనిరి. ఇంగ్లండు చీటీల లెక్క 5 మాత్రమే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క 600 యూనిట్లు, అనగా 15 మైక్రోగ్రాములు. బి12 కు అమెరికాలో పాత లెక్క 6, కొత్తది 2.4. మా తండ్రిగారు చెప్పెడివారు, 1956 చట్టము తరువాత సేర్లు, వీశెలు పోయి కిలోలు వచ్చినప్పుడు, ధర పెరిగినదో తరిగినదో తెలియక అంగడిలో దినమంతయు తగవులేనని. ఇదియు అట్టిదే. నూటి లెక్కను విడిచి మైక్రోగ్రాముల అంకెను చూడవలెను. ఆ అంకె అబద్ధమాడదు.

మేనల్లుని రెండవ సీసాలో బి12 ఒక్కటే, వెయ్యి మైక్రోగ్రాములు. దాని ఎదుట 41,667 పాళ్ళు అని చూచి మా కోడలు భయపడినది, విషమేమోనని. భయము లేదు. మన ప్రేగులు ఒక తడవకు సుమారు ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములనే గుణపద్ధతిగా పీల్చుకొనును. మిగిలినదానిలో నూటికి ఒకపాలు మాత్రమే ఊరక చొచ్చుకొని పోవును. వెయ్యి మ్రింగినచో లోపలికి చేరునది పండ్రెండు ప్రాంతము. అందువలననే అంత పెద్ద అంకె. వారమునకొకసారి 2000 మైక్రోగ్రాములు వేసికొను పద్ధతియు ఉన్నది. అది మన ఉపవాసములకు అనుకూలమైనది.

చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్ర సంవత్సరముల తరబడి వాడువారికి బి12 పీల్చుకొను శక్తి తగ్గును. గుండెమంటకు దినదినము మాత్ర వేయువారికిని అంతే. దుకాణములో కూర్చుండి పనిచేయు మన వర్తకులలో ఈ రెండు మాత్రలును ఎందరి జేబులలో ఉన్నవో నాకు తెలియును. ఇట్టివారు ఏడాదికొకసారి బి12 పరీక్ష చేయించుకొనుట మేలు. పూనాలో యాజ్ఞిక్ గారి బృందము 2006లో ప్రకటించిన పరిశోధనలో మగవారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి బి12 తక్కువని తేలినది. శాకాహారులలో మరింత ఎక్కువ. పాలు త్రాగువారికి కొంత రక్షణ కలదు. పెద్ద గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉండును. పాలు కూడ మానినవారికి అదియు పోవును. అయినను లోపము వెంటనే కనబడదు. కార్జమున కొన్ని యేండ్లకు సరిపడు నిల్వ ఉండును. గిడ్డంగిలో పాత సరకు ఉన్నంతకాలము అంగడి నడచినట్లే నడచును. క్రొత్త సరకు రావడములేదని యజమానికి తెలియునప్పటికి అరలు ఖాళీ.

ఇక సరకు చూతము. చీటీలో రెండు భాగములుండును. పైభాగమున విటమిన్ల పట్టిక, దాని క్రింద ఇతర పదార్థములు అని చిన్న అక్షరముల వరుస. మనవారు పైభాగము చదువుదురు. జైనుడు చదువవలసినది క్రిందిభాగము.

ఇంగ్లండు సీసాలోనివి మెత్తని, నిగనిగలాడు మాత్రలు. క్రిందివరుసలో మొదటి మాటయే జెలటిన్. జెలటిన్ అనగా పశువుల, పందుల చర్మములను ఎముకలను ఉడికించి తీసిన జిగురు. కొన్నిచోట్ల చేపలనుండియు తీయుదురు. జిగురుమిఠాయి విటమిన్లలో చాలవాటికి ఆ సాగుడు దీనివలననే వచ్చును. పండ్లనుండి తీసిన పెక్టిన్‌తో చేసినవియు ఉన్నవి, అట్లని చీటీపై వ్రాసియుందురు. గొట్టపుమాత్రల పెంకు హైప్రోమెల్లోస్ లేక సెల్యులోస్ అని ఉన్నచో అది చెట్ల నారనుండి వచ్చినది. పుల్లులాన్ అని ఉన్నచో పిండిపదార్థమును పులియబెట్టి తీసినది. ఏమియు వ్రాయక ఊరక గొట్టపుమాత్ర అని ఉన్నచో జెలటిన్ అనుకొనుటయే క్షేమము.

ఇంతవరకు చాలమందికి తెలిసినదే. నాకు క్రొత్తగా తెలిసినది మరొకటి. అమెరికా సీసాలోనివి గట్టి బిళ్ళలు, పెంకు లేదు. హమ్మయ్య అనుకొంటిని. క్రిందివరుసలో పదునాలుగవ మాట మళ్ళీ జెలటిన్! బిళ్ళలో దానికి పనియేమి? విచారింపగా తెలిసినదేమనగా, ఏ, డి, ఇ విటమిన్లు నూనెస్వభావము గలవి, గాలి తగిలిన చెడును. వాటిని పొడిలో కలుపుటకై ముందుగా చిన్న చిన్న పూసలుగా చేసి పైన పూత పూయుదురు. ఆ పూతకు జెలటిన్ వాడుట పాత వాడుక. పిండిపదార్థముతోగాని తుమ్మజిగురుతోగాని చేయు కంపెనీలును ఉన్నవి. కనుక పెంకు లేనంతమాత్రమున సరకు శుద్ధమని నమ్మరాదు.

డి విటమిన్ సంగతి మరింత చిక్కు. డి3 అనునది సామాన్యముగా గొఱ్ఱెల ఉన్నినుండి తీసిన లానొలిన్ అను కొవ్వునుండి తయారగును. లేదా చేపకార్జపు నూనెనుండి. ఉన్ని బ్రతికిన గొఱ్ఱెనుండి కత్తిరించినదే కదా, అని కొందరు అందురు. కోసిన గొఱ్ఱెల తోళ్ళనుండి తీసిన ఉన్నియు బజారులో కలియును, విడదీయువాడెవడు? డి2 అనునది ఈస్టునుండిగాని పుట్టగొడుగులనుండిగాని వచ్చును. అది పనిచేయును గాని డి3 అంత నిలువదందురు. రాళ్ళపై మొలచు లైకెన్ అను నాచువంటిదానినుండి తీసిన డి3 ఇప్పుడు దొరకుచున్నది. ధర హెచ్చు. చీటీలో లైకెన్ అను మాట స్పష్టముగా ఉన్నచో దానినే తీసికొనవచ్చును. గనుల లోపల మూడు కిలోమీటర్ల లోతున పనిచేసిన మా ఊరివారు వెలుతురు చూడక డి విటమిన్ పోగొట్టుకొనిరన్న అర్థమున్నది. పైన ఎండ ధారాళముగా కాయుచుండగా ఉదయమునుండి రాత్రివరకు గద్దెపై కూర్చుండు మనకేమి వచ్చినది?

మిగిలినవి త్వరగా చెప్పెదను. మెగ్నీషియమ్ స్టియరేట్ అను జారుడుపొడి తాటిజాతి నూనెనుండి రావచ్చును, పశువుల కొవ్వునుండి రావచ్చును. వృక్షసంబంధమని వ్రాసియుండవలెను. కార్మైన్ అను ఎఱ్ఱరంగు పురుగులను ఎండబెట్టి నూరినది. షెల్లాక్, లేక ఔషధపు మెరుగు అని వ్రాసినది లక్కపురుగు సంబంధము. ఒమేగా నూనె చేపలది, సముద్రపు నాచునుండి తీసినదియు దొరకును. మోకాళ్ళనొప్పికి పెద్దలకిచ్చు గ్లూకోసమిన్ సామాన్యముగా రొయ్యల పీతల పెంకులది. కాల్షియమ్ సీసాలలో కొన్ని ముత్యపుచిప్పల పొడి. మా చిన్నతనమున స్కాట్స్ ఎమల్షన్ సీసాపై పెద్ద చేపను వీపున మోయుచున్న మనిషి బొమ్మ ఉండెడిది. ఆ కంపెనీవాడు నిజము చెప్పినాడు. బొమ్మ చూచి మా నాయనమ్మ సీసాను గడప దాటనీయలేదు. ఇప్పటి సీసాలపై నారింజపండు బొమ్మ ఉండును.

అయితే ముద్రలు లేవా? ఉన్నవి. కాని ఒక్కొక్క ముద్ర ఒక్కొక్క మతమువాని, ఒక్కొక్క నియమమువాని కొరకు. కోషర్ ముద్ర యూదులది, హలాల్ ముద్ర మహమ్మదీయులది. ఈ రెండును శాకాహారమునకు గుర్తులు కావు. వారి విధి ప్రకారము కోసిన పశువు జెలటిన్, లేక చేప జెలటిన్ అందులో ఉండవచ్చును. విదేశపు వెజిటేరియన్ అను మాటలో ఉన్నికొవ్వు డి3, తేనె, మైనము ఇముడును. కొన్నిచోట్ల గ్రుడ్డును ఇముడును. వీగన్ అను మాట ఇంగ్లండులో 1944లో పుట్టినది. అందులో పాలు, తేనెతో సహా జంతుసంబంధమేదియు ఉండదు. మనకు అన్నిటికన్న దగ్గరి ముద్ర అదియే.

అదియు పూర్తిగా మనది కాదు. సహజాహారపు మిశ్రమము అను పేర వీగన్ సీసాలలో వెల్లుల్లి, బీట్‌రూటు పొడి, క్యారెట్టు సారము, మాకా దుంప, జిన్‌సెంగ్ వేరు చేర్తురు. బంగాళదుంప పిండి కట్టుబడికి వాడుదురు. వీగనునకు కందమూలములతో పేచీ లేదు, మనకు ఉన్నది. కనుక మిశ్రమములు, మూలికలు లేని సాదా సీసాయే మనకు మంచిది. పేర్లు ఎంత తక్కువ ఉన్నచో అంత తక్కువ అనుమానము.

మన దేశపు పచ్చచుక్కను గూర్చియు ఒక మాట. దానిని చూచి నిశ్చింతగా ఉండువారు ఈ సంగతి ఎరుగవలెను. ఆ నిబంధనలలో పాలు, తేనె, తేనెమైనము, లక్క మాంసాహారమునందు లెక్కింపబడవు. కావున పచ్చచుక్క క్రింద తేనె ఉండవచ్చును. మన ఇరువదిరెండు అభక్ష్యములలో తేనె ఒకటి. మరియు ఈ చుక్క ఆహారవస్తువుల చట్టమునకు సంబంధించినది. ఔషధముగా లైసెన్సు పొందిన మాత్రలకు ఆ చుక్క ఉండదు. అందుచేతనే మందుల దుకాణమున మనకు సమాధానము దొరకలేదు. విదేశపు సీసా చట్టప్రకారము దిగుమతి అయినదైనచో, దిగుమతిదారుని పేరు, లైసెన్సు నెంబరు, చుక్క లేక మాంసాహారపు త్రిభుజము గల చీటీ అతికించియుండును. పెట్టెలో వచ్చిన సీసాకు అదియు ఉండదు. అమెరికాలో 1994 చట్టము ప్రకారము ఇట్టి విటమిన్లను బజారులో పెట్టుటకు ముందు ప్రభుత్వము పరీక్షించి అనుమతి ఇచ్చు పద్ధతి లేదు. అమెరికా సరకు కనుక పరీక్షించినదే అను నమ్మకమునకు ఆధారము లేదు.

ఎక్కువ మ్రింగిన ఎక్కువ మేలు అనువారికి రెండు మూడు అంకెలు చెప్పవలెను. అరికాళ్ళు తిమ్మిరియని కొందరు బి6 హెచ్చుగా ఉన్న మాత్రలు స్వయముగా కొని వేసికొందురు. బి6 మితి మీరినచో అదియే నరములను చెరచి తిమ్మిరి కలిగించును. దినమునకు 100 మిల్లీగ్రాములు దాటరాదని అమెరికా లెక్క. యూరపువారు 2023లో దానిని 12 కు తగ్గించిరి. బజారులో 50, 100 ఉన్న మాత్రలు ఉన్నవి. మందు ఏదో రోగము ఏదో తెలియని స్థితి అది. జుట్టు పెరుగుటకని ఆడపిల్లలు వాడు బయోటిన్ పదివేల మైక్రోగ్రాముల మాత్ర, దినపు లెక్క 30. అది రక్తపరీక్షలను, అందులో థైరాయిడ్, గుండెపోటు పరీక్షలను తారుమారు చేయగలదని అమెరికా ప్రభుత్వము 2017లో హెచ్చరించినది. పరీక్షకు పోవునప్పుడు వైద్యునికి చెప్పవలెను. ఏ విటమిన్ 3000 మైక్రోగ్రాములు దాటరాదు, గర్భిణులు మరింత జాగ్రత్త. ఇనుమున్న సీసాలు పిల్లల చేతికందరాదు, మిఠాయి అనుకొని తిని ప్రాణము మీదికి తెచ్చుకొన్న పిల్లలు కలరు.

అసలు ఈ బహువిటమిన్ మాత్రవలన ఆరోగ్యవంతునికి ఆయుర్దాయము పెరుగునా? అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థవారు 3,90,000 మందికి పైగా మనుష్యులను ఇరువది యేండ్లకు పైగా గమనించి 2024లో ప్రకటించినది చూడగా, దినము మ్రింగినవారికి ఎక్కువ ఆయువు కనబడలేదు. నా అభిప్రాయము నిష్కర్షగా చెప్పెదను. మన సంఘీయులలో పెక్కుమందికి ఇరువదియైదు పేర్ల సీసా అక్కరలేదు. కావలసినది బి12 ఒక్కటి, పరీక్షలో తక్కువైనచో డి ఒకటి. కాల్షియమునకు మాత్రను నమ్ముకొనుట దండుగ. దినమునకు వెయ్యి మిల్లీగ్రాములు కావలసినప్పుడు బహువిటమిన్ బిళ్ళలో నూటయేబదియో రెండువందలో మాత్రమే పట్టును. మా కోలారు జిల్లా రాగులు నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమ్ ఇచ్చును. పిల్లలు రాగిముద్ద చూచి ముఖము త్రిప్పుకొని, అమెరికా సీసా మూత త్రిప్పుచున్నారు.

అక్కగారికి మొదట సూదిమందు ఇప్పించితిమి. రెండు వారములు దినము విడిచి దినము, తరువాత నెలకొకటి. ఆ మందు నీరుగా ఉండును, పెంకు లేదు. ఆమె అభ్యంతరము చెప్పలేదు. ఆరు నెలలకు అంకె 410 అయినది. చేతుల తిమ్మిరి పోయినది. ఎడమకాలి మడమ క్రింద మొద్దుబారుట మాత్రము పోలేదు, ఇక పోకపోవచ్చునని వైద్యుడు చెప్పినారు. నేను ఆ తొలి ఫోలిక్ మాత్రలు తెచ్చిన దినములు లెక్కవేసికొన్నచో ఎనిమిది నెలలు. ఆ సంగతి నేనే ఆమెతో చెప్పితిని. "నీవు మంచికే తెచ్చినావు లేరా," అని ఊరుకొన్నది.

ఇప్పుడు వీగన్ ముద్ర గల బి12 బిళ్ళ ఒకటి వేసికొనుచున్నది. నవ్‌కార్సీ పారిన తరువాత, కాచిన నీటితో. ఓళి దినములలో ఆయంబిల్ భోజనముతోనే వేసికొనును. ఉపవాసమునాడు మానును. ఒకనాడు మానినంత మాత్రమున నష్టము లేదని వైద్యుని మాట. ఆ బిళ్ళలో సెల్యులోస్, మన్నిటాల్, వృక్షసంబంధమగు స్టియరేట్ తప్ప వేరేమియు లేవు. పాత సీసా అయిపోగా మేనల్లుడు క్రొత్తది పంపినాడు. పేరు అదే, బొమ్మ అదే, ముద్ర అదే. అక్కగారు భూతద్దము అడిగి తానే కూర్చుండి చదివించుకొన్నది. క్రిందివరుసలో రంగుకొరకు బీట్‌రూటు పొడి అని ఒక క్రొత్త మాట చేరియున్నది. సీసా తెరువక అట్లే పెట్టితిమి. రంగులేని పాత బిళ్ళ ఇంకను చేయుచున్నారా అని కంపెనీకి మేనల్లునిచేత ఉత్తరము వ్రాయించితిని. జవాబు వచ్చువరకు నెలనెల సూదిమందే.